ఎండిన బోరుకు ఇనుప మూత

చేతిపంపులు బాగుచేసేవాడికి ఊళ్ళో దొరికే మర్యాద ఎండాకాలంలో ఒక రకం, తక్కిన కాలంలో ఇంకో రకం. ఎండాకాలంలో మా జీపు కనబడితే చాలు, మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, "ముందు మా ఈదిలోది సూడన్నా" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయేవాళ్ళు. నాలుగు వానలు పడ్డాక అదే వీధిలో వెళ్తుంటే పలకరించే దిక్కుండదు. ఉద్యోగం చేసినంత కాలం ఈ రెండు మర్యాదలూ నాకు అలవాటే. కళ్యాణదుర్గం, కంబదూరు చుట్టుపక్కల నా చెయ్యి పడని చేతిపంపు లేదంటే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది గానీ, అబద్ధం మాత్రం కాదు.

ఈ పనిలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మరిచిపోలేని రిపేరు ఏదని అడుగుతారు. విరిగిన రాడ్ల గురించో, లోపల జారిపోయిన పైపుల గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను మాత్రం ఒక చుక్క నీళ్ళు కూడా పడని బోరు గురించి మొదలుపెడతాను. దానికి నేను రిపేరేమీ చెయ్యలేదు, మూత వేశాను. పిల్లలు మొహాలు చూసుకుంటారు. ముసలాయనకు కాస్త తేడా వచ్చిందనుకుంటారేమో, అనుకోనివ్వండి.

కంబదూరు దాటి లోపలికి వెళ్తే ఒక ఊరు. ఊరికి కాస్త ఎడంగా క్రైస్తవుల కాలనీ. కూలి పనులకు వెళ్ళే కుటుంబాలు, కాలనీ చివర రేకుల కప్పుతో చిన్న చర్చి. గంటకు బదులు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడేది. దాన్ని కొట్టేదీ, చర్చి ఊడ్చేదీ, ఆదివారం చాపలు పరిచేదీ ఒక అవ్వ. మనిషి సన్నగా, ఎండుకట్టెలా ఉండేది. నోరు మాత్రం కాలనీ మొత్తానికి సరిపోయేది.

కాలనీకి నీళ్ళు లేవు. ఆడవాళ్ళు బిందెలు తీసుకుని ఒక పెద్ద రైతు తోటకు నడిచేవాళ్ళు. కరెంటు ఉన్నప్పుడే నీళ్ళు, ఆయన సరేనంటేనే బిందె. ఆయన చెడ్డవాడేమీ కాదు. కానీ తన బోరే సన్నబడి, చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు, ఎండిపోతుంటే ఏ రైతు మాత్రం బిందెలు నింపి పంపుతాడు? ఒకరోజు పట్టుకోమనేవాడు, ఇంకోరోజు గేటు వేసేవాడు.

కాలనీకి బోరు మంజూరయింది. నీళ్ళు ఎక్కడున్నాయో చూడడానికి మా డిపార్టుమెంటు జియాలజిస్టు వచ్చాడు. రెండు చోట్లు చూపించాడు. మొదటిది ఆ రైతు పొలం గట్టు మీద, అక్కడ నీళ్ళు పడతాయని గట్టిగా చెప్పాడు. రెండోది చర్చి పక్కన, అక్కడ అంతంత మాత్రమే అన్నాడు. గట్టు మీద వేసుకోవడానికి రైతు కూడా ఒప్పుకున్నాడు. కాలనీ పెద్దలు తలలూపారు. అప్పుడు అవ్వ లేచింది.

"ఆయప్ప మంచోడే, నేను కాదనల్యా. రేపు ఆయప్ప కొడుకు? వాని కొడుకు? బోరింగు కాడికి పోవల్లంటే ఇంగొకరి గట్టు తొక్కల్ల. ఇన్నేండ్లు తొక్కినాము కదప్పా. మనది అనేది ఒగటి ఉండల్ల. చర్చి పక్కనే ఎయ్యమను. దేవుడు గట్టు మీద నీళ్ళు ఇయ్యగలిగితే ఈడ ఇయ్యలేడా?"

ఆ చివరి మాటతో పాస్టరయ్య కూడా ఇరుకున పడ్డారు. కాదంటే విశ్వాసం లేనట్టు, అవునంటే జియాలజిస్టును కాదన్నట్టు. చివరికి అందరూ చర్చి పక్కకే మొగ్గారు. వేరే ఎవరైనా అయితే నీళ్ళు పడే చోటునే ఎంచుకునేవాళ్ళు. ఇన్నేళ్ళు ఒకరి గేటు దగ్గర నిలబడినవాళ్ళకు మాత్రం నీళ్ళకంటే ముందు 'మనది' అన్న మాట రుచిగా వినిపించింది. నేను తప్పు పట్టను.

బోరు వేసే లారీ వచ్చిన రోజు కాలనీలో పండగే. పాస్టరయ్య ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు పాటలు అందుకున్నారు. లారీ మీద పనిచేసే తమిళ కుర్రాళ్ళు నవ్వుకుంటూ మిషను మొదలుపెట్టారు. పాట ఎవరికీ వినబడలేదు గానీ ఆడవాళ్ళు మానలేదు. ఎర్రమట్టి పోయి, సున్నపు రాయి పోయి, నల్లరాయి తగిలింది. తెల్లని పొడి లేచి మనుషుల మీద, చెట్ల మీద, చర్చి రేకుల మీద కప్పుకుంది. మధ్యాహ్నం దాటింది. పొడి తప్ప ఇంకేమీ రాలేదు. సాయంత్రానికి మిషను ఆపేశారు. మట్టి కూలకుండా బోరులో దించిన కేసింగు పైపు ముక్క ఒకటి భూమిలోంచి మోకాలెత్తు లేచి నిలబడింది. లారీ వెళ్ళిపోయింది.

మాతో పాటు పనిచేసే మేస్త్రీ ఒకడు ఉండేవాడు, మహమ్మదీయుడు. ఐదు పూటలా నమాజు చదివే మనిషి. నాకు పక్క ఊరివాడు, ఉద్యోగంలో చేరిన నాటి నుంచి జోడీ. వాడు తలలోంచి పొడి దులుపుకుంటూ నా చెవిలో, "ఏమప్పా, మీ ప్రార్థనలో యాడో లీకు ఉండాది. వాషరు మార్చల్ల" అన్నాడు. ఇంకో రోజయితే నవ్వేవాణ్ణి. ఆ రోజు అవ్వ వైపు చూశాను. ముఖమంతా తెల్లగా పొడి. కళ్ళ కింద మాత్రం రెండు చారలు.

అక్కడి నుంచి కాలనీలో నీళ్ళకు సంబంధించిన ప్రతి కష్టమూ అవ్వ నెత్తికే చుట్టుకుంది. రైతు గేటు వేసినా అవ్వే, ట్యాంకరు ఆలస్యమైనా అవ్వే. గట్టు మీద బోరు పడి ఉంటే ఈ పాటికి ఇంటి ముందర నీళ్ళుండేవని ప్రతి బిందె దగ్గరా ఒక మాట. అందరికంటే ఎక్కువగా మండిపడింది కాలనీలో ఒక ఇంటి కోడలు పిల్ల. చంకలో బిడ్డ, నెత్తిన బిందెతో ఎండలో నడిచి నడిచి ఆ పిల్లకు అవ్వ పేరెత్తితేనే కోపం. ఆ కోపంలో న్యాయం లేదని నేననను.

కొన్ని నెలల తర్వాత ఆ ఊళ్ళో ఇంకో చేతిపంపు బాగుచెయ్యడానికి వెళ్ళాం. ఆదివారం. చర్చి అయిపోయి జనం బయటికి వస్తున్నారు. ఒక్కొక్కరే కేసింగు పైపు దగ్గరికి వెళ్ళి, అడ్డం పెట్టిన బండ జరిపి, ఒక గులకరాయి లోపలికి వదిలి, చెవి ఆనించి వింటున్నారు. విని, తల అడ్డంగా ఊపి, ఇంటికి వెళ్తున్నారు. చాలా వారాల నుంచి ఇదే తంతట. పిల్లలు సరే, పెద్దలు కూడా. బోరులో నీళ్ళు ఊరాయో లేదో అలా చూస్తున్నారు.

నాకు ఒళ్ళు మండింది. "ఏం పని ఇది? ఇట్లా రాళ్ళు వేస్తే మధ్యలో యాడో ఇరుక్కుంటాయి. రేపు నీళ్ళొచ్చినా పైపు దిగదు. మీ బోరు మీరే పూడ్చుకుంటా ఉండారు" అని కేకలు వేశాను. కోపం వస్తే నాకూ ఊరి మాటే వస్తుంది.

అవ్వ వెనకనుంచి వచ్చింది. "మరి నీళ్ళొచ్చినట్లు మాకెట్ల తెలస్తాది నాయనా?"

"వస్తే అప్పుడు తెలుస్తాది. ఊరికే చూస్తా ఉంటే వస్తాయా?"

చిరాకులో అన్న మాట అది. అవ్వ మాత్రం దాన్ని పట్టుకుంది. బండ తిరిగి కప్పేసింది. "రాయి ఎయ్యద్దండి ఎవురూ" అంది జనంతో. "నేను కూడా ఏసినా. తప్పే. నమ్మినోళ్ళు ఊరూరికే రాళ్ళేసి వింటారా?"

ఆ తర్వాత ఎవరూ వెయ్యలేదని విన్నాను. అందరికీ విశ్వాసం పెరిగిందని కాదు. చాలామందికి ఆశ అయిపోయింది, అందుకని.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మాది తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చికి పోకుండా ఉండడం అంటే భోజనం మానేయడం లాంటిది మాకు. ఆ కరువు సంవత్సరాల్లో వారమంతా ఎండిన బోర్లలోంచి పైపులు బయటికి లాగడమే నా పని. ఆదివారం వచ్చి వాన కోసం ప్రార్థనలో కూర్చునేవాణ్ణి. కింద ఏముందో కళ్ళారా చూసి వచ్చినవాణ్ణి కదా, కళ్ళు మూసుకుంటే ఆ ఎండిన పైపులే కనబడేవి. ప్రార్థన చివర అందరూ ఆమెన్ అనే చోట నా నోరు పెగలడం మానేసింది. పెదవులు కదిపేవాణ్ణి, మాట వచ్చేది కాదు. మా ఆవిడ కనిపెట్టింది. "గొంతు బాగలేదా?" అని అడిగింది. బాగలేదన్నాను. అన్ని ఆదివారాలూ బాగుండని గొంతు ఎక్కడైనా ఉంటుందా? ఆమె మళ్ళీ అడగలేదు. అది ఆమె మంచితనం.

ఎక్కడో ఒక పసిబిడ్డ తెరిచి వదిలేసిన బోరులో పడిన వార్త వచ్చిందప్పట్లో. నీళ్ళు పడని బోర్లన్నీ మూసెయ్యాలని మాకు ఉత్తర్వు వచ్చింది. న్యాయమైన ఉత్తర్వే. ట్రాక్టరులో రాళ్ళు, మట్టి వేసుకుని ఊరూరా తిరిగి పూడుస్తూ పోయాం. కొన్ని ఊళ్ళలో రైతులు టవలు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడేవాళ్ళు. ఆ బోర్ల మీద ఎంత ఆశ పెట్టుకుని ఉంటారో మాకు తెలుసు. తెలిసి చేసే పని చాలా బరువు. మేస్త్రీ కూడా ఆ రోజుల్లో హాస్యాలు తగ్గించేశాడు.

ఒకరోజు ఆ కాలనీ వంతు వచ్చింది.

మేము వెళ్ళేసరికి అవ్వ బోరు మీది బండపై కూర్చుని ఉంది. చేతిలో చర్చి ఊడ్చే చీపురు. లేవమన్నాను, లేవలేదు.

"పూడ్చేకి వచ్చినారా?"

"ఉత్తర్వు అవ్వా. పిల్లోళ్ళు పడితే ఎవరు బాధ్యులు?"

"పిల్లోళ్ళు పడకూడదు. నిజమే. దానికి బోరు సంపల్లా?"

ఇంతలో కాలనీ అంతా చేరింది. ఆ కోడలు పిల్ల ముందుకొచ్చింది. "పూడ్చేయండన్నా. పొద్దున లేస్తే ఈ బోరు మొగమే సూడల్ల మేము. సూస్తే కడుపు మండిపోతాది. ఈయమ్మ మాట విని నాశనమైనాము" అని అందరి ముందూ అనేసింది. ఎవరూ ఆపలేదు. అవ్వ చీపురు పుల్లలు సర్దుకుంటూ కూర్చుంది. ఆ సర్దుకోవడం నాకు చూడబుద్ధి కాలేదు.

మట్టి తట్ట నా పక్కనే ఉంది. ఎత్తి ఒక్కసారి వేస్తే అయిపోతుంది, మధ్యాహ్నానికి ఇంకో ఊరు చూసుకోవచ్చు. నా చెయ్యి లేవలేదు. దయ అనుకోండి, పిరికితనం అనుకోండి. మేస్త్రీ నా మొహం చూశాడు. చూసి, "అప్పా, ఉత్తర్వులో ఉండేది ప్రమాదం లేకుండా మూయమనే కదా. మట్టే ఎయ్యల్లని యాడుండాది?" అన్నాడు నెమ్మదిగా.

మా అసిస్టెంటు ఇంజనీరు ఏఈ గారికి ఫోను చేశాను. ఆయన కంబదూరులోనే ఉన్నారు, బైకు మీద వచ్చేశారు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పైపు చూశారు, అవ్వను చూశారు, నన్ను చూశారు. "ఇనుప రేకు పెట్టి గట్టిగా వెల్డింగు కొట్టిస్తే ఎవరూ తియ్యలేరు. అది చాలు. కానీ ఏదైనా జరిగితే అడిగేది నన్ను కాదు, నిన్ను. నీకింకా సర్వీసు ఉంది. ఆలోచించుకో" అన్నారు.

ఆలోచించుకోవడానికి ఏముంది? నీళ్ళు వస్తాయని నాకు కొంచెం కూడా నమ్మకం లేదు. ఆ మాట అవ్వకు చెప్పేశాను కూడా. "అవ్వా, నేను మూత వేస్తా. కానీ నాకు నమ్మకం లేదు. రాయి పగిలి ఊట వచ్చే చోటు కాదిది."

అవ్వ అప్పుడు లేచింది. "నువ్వు నమ్మల్సిన పన్లేదు నాయనా. నమ్మకం సంగతి నేను సూసుకుంటా. నువ్వు మూత సంగతి సూసుకో."

అంత స్పష్టంగా పని పంచిపెట్టిన అధికారిని నా సర్వీసులో ఇంకొకరిని చూడలేదు. ఏఈ గారు కూడా పక్కకు తిరిగి నవ్వుకున్నారు. వెల్డింగు మిషను తెప్పించి, మందపాటి ఇనుప రేకు కేసింగు చుట్టూ కరిగించి అతికించాం. గడ్డపారతో కొట్టినా కదలని మూత. ఆ కోడలు పిల్ల బిందె తీసుకుని విసురుగా వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి సంవత్సరాల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వేరుశనగ వేసినవాళ్ళు వేసినట్టే పోగొట్టుకున్నారు. కాలనీలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి, బెంగళూరులో కట్టడాల పనికి వెళ్ళారు. పాస్టరయ్యకు వేరే ఊరికి బదిలీ అయింది. కొత్తవారు నెలకోసారి వచ్చేవారు. మిగిలిన ఆదివారాలు అవ్వే పట్టా ముక్క కొట్టి, వచ్చిన నలుగురితో ప్రార్థన నడిపేది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆగేవాణ్ణి. అవ్వ ఎన్నడూ నన్ను నీళ్ళ గురించి అడగలేదు. మూత చుట్టూ శుభ్రంగా ఊడ్చి ఉండేది. ఎండ తగ్గాక దాని మీద కూర్చుని చింతపండు గింజలు తీసేది. వచ్చే ఏడాది కోసం ఎదురుచూసే మనిషిలా కాదు, ఇంట్లో ఉన్న మనిషిలా కూర్చునేది. నాకు ఆశ్చర్యంగా ఉండేది, కొంచెం కోపంగా కూడా ఉండేది. ఇంత కరువులో ఒక మనిషి ఇంత నెమ్మదిగా ఎలా ఉంటుందని.

ఒకసారి అడిగేశాను. "నీకు బాధ లేదా అవ్వా?"

"ఎందుకు లేదు? రాత్రిపూట ఏడుస్తా. దేవునితో కొట్లాడతా. వాళ్ళు నన్ను తిట్టేదానికంటే నేను ఆయన్ని ఎక్కువ తిడతా" అంది. "కానీ పొద్దున లేసి ఊడ్సల్ల కదా. ఊడ్సకుంటే ఆయనొచ్చినపుడు యాడ కూసుంటాడు?"

నేను రిటైరు కావలసిన సంవత్సరం వానలు పడ్డాయి. మామూలు వానలు కావు. మా ప్రాంతంలో నా వయసువాళ్ళు కూడా చూడని వానలు. చెరువులు నిండి మరువల మీదుగా పొర్లాయి. వాగులు, వంకలు రోడ్డు మీదికి ఎక్కాయి. ఎన్నో ఏళ్ళుగా ఎండిన చేతిపంపుల దగ్గర జనం మళ్ళీ బిందెలు పెడుతున్నారని కబుర్లు వచ్చేవి. అవ్వ దగ్గర నుంచి మాత్రం ఏ కబురూ లేదు. వానలు తెరిపిచ్చి, దారులు ఆరాక ఒకరోజు ఆఫీసుకు ఫోను చేయించింది. "మూత తియ్యమని చెప్పండి ఆయప్పకు." అంతే.

నేనూ మేస్త్రీ వెళ్ళాం. ఇద్దరికీ అది దాదాపు చివరి పని. బెంగళూరు నుంచి కొందరు తిరిగి వచ్చి ఉన్నారు. ఆ కోడలు పిల్ల కూడా ఉంది. బిడ్డ ఇప్పుడు బడికి పోయే వయసుది. కటింగు మిషనుతో వెల్డింగు కోశాం. తుప్పు పట్టిన రేకు పక్కకు జరిగింది. లోపలి నుంచి చల్లటి, మట్టివాసన గాలి వచ్చింది.

ఎవరో కింద నుంచి గులకరాయి తీశారు. అవ్వ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు. ఇన్నేండ్లు ఎయ్యలేదు. ఇప్పుడు ఎందుకు?" నా వైపు తిరిగి, "బోరింగు బిగించు నాయనా" అంది.

"చూడకుండానే ఎట్లా బిగిస్తాం అవ్వా? నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో చూడాలి. అది మా పని."

"నీ పని నువ్వు సెయ్యి. నేను సూడను" అని చర్చి గుమ్మంలోకి వెళ్ళి, మాకు వీపు పెట్టి కూర్చుంది.

బరువు కట్టిన తాడు దించాం. మేస్త్రీ దించుతున్నాడు, నేను పట్టుకున్నాను. బరువు అడుగు తాకి తాడు వదులయింది. పైకి లాగడం మొదలుపెట్టాం. పొడిగా, పొడిగా, పొడిగా వచ్చింది. ఉన్నట్టుండి మేస్త్రీ ఆగిపోయాడు. తన చేతిలో ఉన్న తాడు తీసి నా చేతిలో పెట్టాడు. తడిసి ఉంది. లాగుతున్న కొద్దీ తడే. వాడు కళ్ళు తుడుచుకుని, "వాషరు ఎవురో మార్చినట్టుండారప్పా" అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి, లేకపోతే మిమ్మల్ని మోసం చేసినవాణ్ణవుతాను. అంత వాన పడితే ఎండిన బోరులో నీళ్ళు ఊరడం జరిగేదే. జియాలజిస్టు దానికి కారణం చక్కగా చెబుతాడు. మేము మట్టితో పూడ్చిన బోర్ల దగ్గర కూడా ఏడ్చి ప్రార్థించినవాళ్ళున్నారు. వాళ్ళ నమ్మకం తక్కువదని చెప్పే ధైర్యం నాకు లేదు. మూత వేసినచోట నీళ్ళు దొరికాయి, మట్టి వేసినచోట ఉన్నాయో లేదో మాకు ఇక తెలియదు. నాకు తెలిసింది ఇంతే. కొత్తగా చేరిన ఆ కుర్రవాళ్ళకు కూడా ఇదే చెబుతాను: తెలియనిదాని మీద మట్టి వెయ్యడానికి తొందరపడకండి. పిల్లలు పడకుండా మూత వెయ్యండి, అది మీ బాధ్యత.

పంపు బిగించేసరికి సాయంత్రమయింది. మేస్త్రీ హ్యాండిలు అందుకున్నాడు. మొదట గాలి దగ్గింది, తర్వాత ఎర్రటి బురద, చాలాసేపటికి తేటనీళ్ళు. కాలనీ అంతా అరుపులు. అవ్వను పిలుచుకొచ్చారు. మొదటి బిందె ఆమెనే పట్టమన్నారు. చర్చికి మొదటి ఫలం ఇచ్చే అలవాటు ఉన్నవాళ్ళు కదా, ఆ బిందె చర్చిలో పెడతారనే నేనూ అనుకున్నాను.

అవ్వ ఆ కోడలు పిల్ల వైపు చూసింది. "రామ్మా. మోసింది నువ్వు. నువ్వే పట్టు ముందు."

ఆ పిల్ల కదల్లేదు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. అవ్వే వెళ్ళి ఆమె బిందె తెచ్చి పంపు కింద పెట్టింది. "దేవునికి ఈ బిందే ఇష్టం, నాకు తెలుసు" అంది. బిందె నిండేదాకా ఆ పిల్ల తల ఎత్తలేదు. నిండాక అవ్వ భుజం మీద తల పెట్టేసింది.

ఆ రోజు పాస్టరు ఎవరూ లేరు. అవ్వ నన్ను పిలిచింది. "నాయనా, ప్రార్థన సెయ్యి."

నా చేతుల నిండా గ్రీజు, బురద. అందరూ తలలు వంచారు. మేస్త్రీ కూడా టోపీ సవరించుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఎన్ని ఏళ్ళు నోరు పెగలని మనిషిని, ఏం చెబుతాను? నీళ్ళ కోసం అడగనివాణ్ణి, నీళ్ళకు కృతజ్ఞత ఎలా చెబుతాను? మాట కోసం వెతికాను, ఒక్కటీ రాలేదు. పంపు మూతిలోంచి మిగిలిన నీళ్ళు బండ మీద పడుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. చివరికి గొంతు పెగిలి ఒకే మాట బయటికి వచ్చింది.

"ఆమెన్" అన్నాను.

కళ్ళు తెరిచి సిగ్గుతో అవ్వ వైపు చూశాను. ఇంతేనా అని అడుగుతుందనుకున్నాను. అవ్వ తడి చేతులతో నా చేతులు పట్టుకుంది.

"అది సాలు నాయనా" అంది. "తక్కినదంతా నేను ముందే సెప్పినా."